దూలం మార్చడానికి పోసిన ఒడిబియ్యం

ఇస్నాపూర్‌లో గదులు కట్టి కిరాయికి ఇచ్చుకునే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. అడ్వాన్సు ఎన్ని నెలలది తీసుకోవాలి, మోటారు బిల్లు ఎట్లా పంచాలి, ఖాళీ చేయనంటే ఏం చేయాలి అని అడుగుతారు. ముప్పై ఎనిమిదేళ్లు ఇళ్లు కిరాయికి ఇచ్చినదాన్ని కాబట్టి ఏదో ఒక సూత్రం చెబుతానని వాళ్ల ఆశ. లెక్కలు నాకు బాగానే గుర్తుంటాయి. ఏ సంవత్సరం ఏ గోడకు సున్నం వేయించానో, దానికి ఎన్ని బుట్టలు పట్టిందో ఇప్పటికీ చెప్పగలను. కాని మధ్యాహ్నం కాసేపు కన్ను మూతపడితే నా ముందుకు వచ్చేది ఆ లెక్క కాదు. పెంకులు తీసేసిన ఒక గది వస్తుంది. నాలుగు గోడల మధ్య ఆకాశం నింపి పెట్టినట్టు ఉంటుంది. అందుకని సూత్రం బదులు ఆ గది సంగతే చెబుతాను, వినండి.

1957 వేసవి అది. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. మా నాన్న నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన కర్దనూర్ చెలక అమ్మి, నాలుగేళ్ల కిందట సంగారెడ్డిలో మూడు వాటాల ఇల్లు కొన్నాను. భూమి అమ్మి గోడలు కొన్నదని మా చుట్టాలు చాలా రోజులు నవ్వుకున్నారు. అప్పట్లో పటాన్‌చెరు దాటితే ఫ్యాక్టరీ అనే మాట లేదు. రోడ్డుకు రెండు పక్కలా జొన్న చేలు, చేల మీద ఎండ, ఎండలో ఎప్పుడో ఒక లారీ. ఆ లారీ పోయిన తర్వాత కూడా దాని ధూళి చాలాసేపు రోడ్డు మీద నిలబడి ఎవరి కోసమో చూస్తున్నట్టు ఉండేది. సంగారెడ్డి మాత్రం జిల్లా ఊరు కాబట్టి బదిలీ మీద వచ్చేవాళ్లకు కిరాయి ఇళ్లు కావలసి వచ్చేవి. నేను ఆ సంగతి లెక్క వేసుకునే కొన్నాను.

ఇల్లు మట్టి గోడలది. పైన గూన పెంకులు. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. సగానికి చీల్చిన గొట్టంలాంటి చిన్న పెంకు గూన అంటే. ఒక వరస వెల్లకిలా, దాని మీద ఒక వరస బోర్లా పేర్చుకుంటూ పోతారు. కోతులు, పిల్లులు ఏడాది పొడుగునా వాటిని కదిలిస్తాయి. మిరుగం, అదే మృగశిర కార్తె వచ్చి వాన పడకముందే మేస్త్రిని పిలిచి సర్దించాలి. ఇంటి యజమానికి ఏడాదిలో అదే పెద్ద పని.

మా మేస్త్రి పటాన్‌చెరు ముసలాయన. గడ్డానికి గోరింటాకు పెట్టుకునేవాడు. ఆ ఏడు మూడో వాటా కప్పు ఎక్కి, వాసాల సందులోంచి దూలాన్ని ఉలి పిడితో కొట్టి, చెవి పెట్టి విని దిగాడు.

“అమ్మా, అది దూలం గాదు, పాపడ్. నూనెల ఏస్తె పొంగుతది.”

“ఈ మిరుగం దాటదా సాబ్?”

“మిరుగం దాంక ఎందుకమ్మా. బలమైన పిల్లి ఒకటి దుంకితె సాలు.”

దూలం నడుమ అంతా చెదలు పట్టిందన్నాడు. కప్పు మొత్తం దింపి, కొత్త దూలం ఎక్కించి, మళ్లీ కప్పాలి. వారం రోజుల పని. టేకు దూలం సదాశివపేట నుంచి తెప్పించడానికి మాట్లాడి పెట్టాను. ఇక చెప్పడమే తరువాయి అనుకుని మూడో వాటా గడపలోకి వెళ్లాను.

ఆ వాటాలో సర్కారు బస్సు నడిపే డ్రైవరు, అతని తల్లి, భార్య ఉండేవాళ్లు. డ్రైవరు నారాయణఖేడ్ బస్సు మీద పోతే మర్నాటికి గాని రాడు. ఇంటి పెత్తనమంతా తల్లిది. నా మాట పూర్తి కాకముందే ఆమె గడపకు అడ్డంగా కూర్చుంది.

“కోడలు కడుపుతోని ఉన్నది. ఇంటి మీద ఎవ్వల్ని ఎక్కనియ్య.”

“దూలం చెదలు పట్టిందమ్మా. మీద పడతది.”

“కడుపుతోని ఉన్నప్పుడు ఇంటికి మొల గుడ కొట్టొద్దు. నా కొడుకు అంగి తగిలేసుకునెటందుకు గోడకు మొల ఉన్నదా? సూడు. మంచం కోడుకు తగిలేస్తుండు పాపం.” అని మేకు కూడా లేని గోడలను చేత్తో చూపించింది.

“అయితే మొదటి వాటా ఖాళీ ఉంది, అండ్లకు పోండ్రి. కిరాయి గదే.”

“కడుపుతోటి ఉన్నదాన్ని ఇల్లు మారుస్తరా ఎవలన్న? మీ దిక్కు మారుస్తరా?”

మా దిక్కు కూడా మార్చరు. ఆ మాట అనకుండా, పోనీ దూలం కింద ఒక గుంజ నిలబెడతానన్నాను.

“గుంజ పాతాలంటె గుంత తవ్వాలె. కడుపుతోని ఉన్నదాని ఇంట్ల గుంత తవ్వుతవా?” అని రెండు చెవులూ మూసుకుంది.

నేను కోపంగా ఇంటికి వచ్చాను. మా ఇల్లు అక్కడికి రెండు సందుల అవతల. మా ఆయన కచేరీలో గుమాస్తా. అంతా విని, కళ్లజోడు తుడుచుకుంటూ, “నోటీస్ ఇద్దాం. మూడు నెలల గడువు పెట్టి” అన్నారు.

“దూలానికి గుడ ఒక నోటీస్ ఇయ్యుండ్రి. గప్పటిదాంక పడొద్దని” అన్నాను.

ఆయన నవ్వి కళ్లజోడు పెట్టుకున్నారు. రోహిణి కార్తె నడుస్తోంది. సాయంత్రాలు పడమర దిక్కున మేఘాలు కట్టి, చూసి, విప్పుకుని వెళ్లిపోతున్నాయి.

రెండు రోజులకు, ముసలామె నీళ్లకు పోయే వేళ చూసుకుని మళ్లీ వెళ్లాను. కోడలితో ఒంటరిగా మాట్లాడదామని. ఇరవై ఏళ్ల పిల్ల. ఎదురైతే తల వంచుకుని పక్కకు జరగడమే గాని, నాతో ఎప్పుడూ నాలుగు మాటలు మాట్లాడలేదు. మధ్యాహ్నం. బయట తెల్లటి ఎండ. లోపల చీకటి. కళ్లకు ఆ చీకటి అలవాటయ్యేదాకా గడపలో నిలబడ్డాను. కదిలిన గూనల సందుల్లోంచి వెలుతురు సన్నటి కర్రల్లా దిగి, గోడల మీద, నేల మీద, గింజల కుండల మీద గుండ్రటి బిళ్లలై పరుచుకుని ఉంది. ఆ పిల్ల చాప మీద వెల్లకిలా పడుకుని వాటినే చూస్తోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

“అక్కా, ఇగో ఈ ఎలుతురు పొద్దుగాల ఆ గోడ మీద ఉంటది. నడుసుకుంట నడుసుకుంట పగటీలికి నా కడుపు మీదికొస్తది. గప్పుడు లోపల కదులుతది.”

“ఎండ తగిలా?”

“ఏమో. ఎవలో పిలిస్తె పలికినట్టు.”

నేను ఆమె పక్కన కూర్చున్నాను. వచ్చిన పని మరిచిపోయి, ఆ బిళ్ల చాప అంచు మీద నుంచి జరగడం ఇద్దరం చూస్తూ ఉన్నాం. కదులుతున్నట్టు కనిపించదు. కన్ను మరల్చి చూస్తే జరిగి ఉంటుంది. బావి లోపల కూర్చుని పైకి చూస్తున్నట్టు చల్లగా ఉంది. అప్పుడు పైన దూలం ఏదో గొణిగింది. పిండిలాంటి సన్నటి పొడి రాలి, వెలుతురు కర్రలోకి వచ్చి, బంగారు రంగు తిరిగి, తొందరేమీ లేనట్టు దిగివచ్చి ఆ పిల్ల కడుపు మీద వాలింది. ఆమె చేత్తో తుడుచుకుంది.

“రోజు రాలుతదా?” అన్నాను.

“మాపటికి అన్నంల గుడ రాలుతది. మా అత్త కొంగు కప్పి పెడతది” అంది.

ముసలామె బిందెతో వచ్చింది. నన్ను చూసి బిందె దించకుండానే మొదలుపెట్టింది.

“మల్లొచ్చినవా? లేనప్పుడు సూసి వచ్చినవా?”

“నీ కోడలి మీద నీకు పాణం లేదా? దూలం పడితే ఇద్దరు పోతరు.”

ఆమె బిందె దించింది. తర్వాత, మాకెవరికీ కాకుండా గోడకు చెబుతున్నట్టు చెప్పింది. జహీరాబాద్‌లో కిరాయికి ఉన్నప్పుడు ఇంటాయన వాకిట్లో నీళ్లు పోయే మోరీ తవ్వించాడట. ఇంకో ఊళ్లో, వద్దంటున్నా గోడ ఎత్తు లేపాడట.

“ఒకటి మూడో నెలల పాయె. ఒకటి ఏడో నెలల. ఏడో నెలల దానికి గోర్లు గుడ వచ్చినయి. నేనే కడిగిన.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “మల్ల గిప్పుడు ఏడో నెల. దూలం పడితె పడని. మొల కొట్టనియ్య.”

పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు జాలి, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. అట్లా వచ్చినప్పుడు నా నోట్లోంచి కోపమే ముందు వచ్చేది.

“అంత భయమున్నోళ్లు తల్లిగారింటికి పంపరాదు? గీ టైంల అందరు పంపుతరు గద!”

“తల్లి ఉంటె పంపనా? పెండ్లికి ముందే పాయె. అన్నలు లేరు, వదినెలు లేరు. ఏ ఇంటికి పంపాలె? నువ్వు చెప్పు.”

“మా ఇంటికి పంపు. నేను తీసుకపోత. ఒడిబియ్యం పోసి మరీ తీసుకపోత.”

ఒడిలో బియ్యం పోసి కూతుర్ని తల్లి ఇంటికి తీసుకుపోవడం ఇల్లు మార్చడం కిందికి రాదు. ఆ పిల్ల ఇంట్లో లేకపోతే కప్పు దింపినా తప్పు లేదు. ఏడో నెల బేసి నెల కాబట్టి కదిలించవచ్చు కూడా. వారం రోజుల్లో దూలం మారుతుంది, పిల్ల తిరిగి వస్తుంది. మాట అనేశాక ఇదంతా లెక్క వేసుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసింది.

“మనం మనం ఒక్కటి గాదు గద.”

“కాదు.”

“బియ్యానిదేమున్నది. ఉడకనంత సేపు దానికి కులం లేదు” అంది. తర్వాత వేలు చూపించి, “కాని ఒక్క మాట. పోస్తె పోసినట్టే. ఇల్లు కప్పుకున్నంక నాకు యాదికి లేదంటె నడువది.”

“నడువదు” అన్నాను. ఎంత సులువుగా అన్నానో!

పిల్ల ఎప్పుడు ఇటు తిరిగిందో. “నిజంగ తీస్కపోతవా?” అంది. అక్కా అనలేదు. ఏమనాలో తెలియనట్టు అక్కడ ఆపేసింది.

గురువారం పొద్దున మా ఆయనను కచేరీకి సెలవు పెట్టించి తీసుకువెళ్లాను. పిల్లను పీట మీద తూర్పు ముఖంగా కూర్చోబెట్టారు. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవికె గుడ్డ. నేను దోసిలితో ఆమె ఒడిలోకి పోస్తుంటే ముసలామె పక్కన నిలబడి చూస్తోంది.

“నిండ పొయ్యి వదినె. కిరాయి లెక్క కొలిచి పొయ్యకు” అంది.

వదినె! నాకంటే ముప్పై ఏళ్లు పెద్దది, అప్పుడే వియ్యపురాలి వరస కలిపేసింది. మా ఆయన దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకున్నారు. నేను దోసిలి నిండా పోశాను. పసుపు బియ్యం ఒడిలో పడే చప్పుడు చిన్న వానలా ఉంది. పిల్ల తల వంచుకుని తన ఒడిలోకే చూస్తోంది, అది ఎవరి ఒడో అన్నట్టు.

ఒడి కట్టుకుని ఆమె ముందు నడిచింది. నేను పక్కన. సందు తిరిగాక వెనక్కి చూస్తే ముసలామె ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని, చంకలో కోడితో వస్తోంది.

“నువ్వెందుకు?” అన్నాను.

“కడుపుతోని పిల్లను ఒక్కదాన్ని పంపుతరా? మంచిగున్నది నీ ముచ్చట!” అంది.

ఆ మధ్యాహ్నమే మేస్త్రి కప్పు దింపడం మొదలుపెట్టాడు. మర్నాడు నేను వెళ్లేసరికి మూడో వాటా మీద ఏమీ లేదు. ఇందాక చెప్పిన గది అదే. గోడలు అట్లాగే ఉన్నాయి, పొయ్యి ఉంది, కుండలు మూలకు చేర్చి ఉన్నాయి, వాటన్నిటి మీద ఆకాశం ఉంది. నలభై ఏళ్లుగా చీకట్లో ఉన్న మూలలు ఎండలో కళ్లు చికిలించుకుంటున్నట్టు కనిపించాయి. గూనల కింద గూళ్లు పెట్టుకున్న పిచ్చుకలు ఇల్లెక్కడికి పోయిందో తెలియక గోడ మీద వరసగా కూర్చున్నాయి. నేను మధ్యలో నిలబడి పైకి చూశాను. ఒక తెల్ల మబ్బు ఒక గోడ మీద నుంచి మెల్లగా గదిలోకి వచ్చి, ఇంకో గోడ మీదుగా బయటికి వెళ్లింది. అది కదిలిందో, గోడలే కదిలాయో చెప్పలేను. నా జీవితంలో నేను ఇంట్లో ఉన్నానో, బయట ఉన్నానో తెలియకపోవడం ఆ ఒక్కసారే.

తర్వాత నలుగురు మనుషులు దూలం ఎత్తారు. మేస్త్రి చెప్పినట్టు పాపడ్ ఏమీ కాలేదు. నడుమ భాగం గట్టిగానే ఉంది. కాని గోడలోపల ఉన్న కొస, ఎవరికీ కనిపించని కొస, ఎత్తగానే మెత్తటి చప్పుడుతో విరిగి వాళ్ల కాళ్ల దగ్గర పడింది. పగిలిన చోట కర్ర లేదు, మట్టి ఉంది. ఇన్నాళ్లు ఆ కొస పైన గోడ బరువుకే నిలబడి ఉంది.

“నేన్ అదే అన్న గదమ్మా” అన్నాడు మేస్త్రి.

“నువ్వు నడుమ అన్నవు సాబ్.”

“నడుమకు దోస్త్ కొసనే గద.”

చద్ది కట్టుకుని మా ఇంటి నుంచి వచ్చిన ముసలామె ఆ మట్టిని చూసింది. వంగి చేత్తో తీసి వాసన చూసింది. “రోజు నా మంచం గీడనే ఏసుకుంట” అంది. “పిల్లను గోడ దిక్కు పండవెట్టి నేను గీడ పండుకుంట” అని మట్టి చేతిని కొంగుకు తుడుచుకుంది.

ఆ సాయంత్రమే వాన వచ్చింది. మిరుగం కోసం ఆగలేదు. కప్పు లేని గదిలో వాన పడుతుంటే నేను పక్క వాటా అరుగు మీద నిలబడి చూశాను. పొయ్యిలోని బూడిద తేలి, గడప దాటి, వాకిట్లోకి వచ్చింది. రెండు రోజులు పని ఆగింది. మేస్త్రి పదకొండో రోజున గాని గూన కప్పడం పూర్తి చేయలేదు.

అప్పుడు నేను, “ఇల్లు తయారైంది, ఇగ పోవచ్చు” అన్నాను.

ముసలామె నా వంక వింతగా చూసింది. “తల్లిగారింటికి పోయిన పిల్ల పురుడు కాకుండ వస్తదా? అందుల ఎనిమిదో నెల వచ్చె. సరి నెలల కదిలిస్తరా? వదినె, నీకు పిల్లలు కాలేదా ఏంది?”

నాకు ఇద్దరు. వారం అనుకున్నది నెలలకు సాగింది. ముసలామె విడిగా మూడు రాళ్లు పెట్టుకుని వండుకునేది. కోడి మా వాకిట్లో గుడ్లు పెట్టింది. ఒకటో తారీకున డ్రైవరు కిరాయి పట్టుకుని వచ్చి, చెప్పులు విడిచి, ఎటు చూడాలో తెలియక నిలబడితే ముసలామె అందుకుంది.

“అల్లుడు అత్తకు కిరాయి కడతడారా? నలుగురు వింటె నవ్వుతరు.”

“అల్లుడు అల్లుడే, కిరాయి కిరాయే” అన్నాను.

డ్రైవరు చాలా తెలివైనవాడు. ఎవరి చేతికీ ఇవ్వకుండా గోడ గూట్లో పెట్టి వెళ్లిపోయాడు. అతను సందు మలుపు తిరిగాక నేను తీసుకున్నాను. వాళ్లు నా మూడో వాటాలో ఉన్న పదిహేడేళ్లూ నేను ఆ కిరాయి గూట్లోంచే తీసుకున్నాను.

నొప్పులు శ్రావణంలో ఒక పొద్దున మొదలయ్యాయి. వాన ముసురు. మంత్రసాని లోపల ఉంది. నేను నీళ్లు కాచి అందిస్తున్నాను. ముసలామె గుమ్మం బయట నేల మీద కూర్చుంది. ఏ దేవుణ్నీ పిలవలేదు. కళ్లు మూసుకుని, మా ఇంట్లో ఎవరైనా చెంబు పెట్టిన చప్పుడైనా ఉలిక్కిపడుతోంది. మా ఆయన తలుపు గడియ తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. మధ్యాహ్నానికి పెంకుల మీద వాన ఎక్కువైంది. ఆ హోరులో లోపల ఏం జరుగుతోందో వినపడలేదు. ఏడుపు పుట్టిందో, వాన గొంతు మారిందో మాకు వెంటనే తెలియలేదు. మంత్రసాని బయటికి వచ్చి, “ఆడపిల్ల. మంచిగ ఏడుస్తున్నది, వినవడ్తలేదా?” అంటే గాని.

ముసలామె లేచి లోపలికి పోలేదు. తల ఎత్తి మా ఇంటి వాసాలను ఒక్కొక్కటిగా చూసింది.

“నీ ఇంటి కప్పు మంచిది వదినె” అంది. ఆమె గొంతు అట్లా ఉండగలదని నాకు తెలియదు.

తంగేడు పూసే రోజుల్లో, బిడ్డకు మూడో నెల వచ్చాక, మంచి రోజు చూసి వాళ్లు బయలుదేరారు. మళ్లీ ఒడిబియ్యం పోశాను. కూతురు తల్లి ఇంటి నుంచి కదిలేటప్పుడు ఆ ఒడిలోంచి ఐదు పిడికిళ్లు తీసి తల్లి ఇంట్లోనే పెట్టి పోవాలి. ఆ ఇల్లు ఖాళీ కాకూడదని. నేను గడప లోపల చేట పట్టుకుని నిలబడ్డాను. ముసలామె బిడ్డను ఎత్తుకుని బయట నిలబడి లెక్క పెడుతోంది.

ఒకటి. రెండు. పిల్ల పిడికిలి చిన్నది. ప్రతిసారీ నిండా పట్టి, గింజ రాలకుండా చేటలో పెడుతోంది. నాలుగు. ఐదు.

“ఐదైనయి, ఇగ నడువు” అంది ముసలామె.

పిల్ల ఇంకో పిడికిలి తీసి పెట్టింది. ఇంకొకటి.

“ఐదేనే. లెక్క రాదా?”

“ముందటి ఐదు ఈమెవి” అంది ఆ పిల్ల, తల ఎత్తకుండా. “మా అమ్మకు ఎప్పుడు పెట్టలే. అవి గుడ పెడుతున్న.”

ముసలామె లెక్క ఆపేసింది. బిడ్డను భుజం మార్చుకుంది. పిల్ల పెడుతూనే ఉంది. చేట బరువెక్కుతోంది. నేను కదలకుండా పట్టుకున్నాను.